రూతమ్మ మేడం పెట్టిన పళ్ళెం

హాస్టల్ వంటింటి వెనక బండ మీద జాజు నూరుతున్న వాసన వస్తోంది. తడిసిన ఎర్రమన్ను వాసనకు అందరికీ తొలకరి వాన గుర్తొస్తుందంటారు. నాకు మాత్రం వికారాబాద్‌లో ఒక రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో కుర్చీ అంచున కూర్చుని, రవిక వీపుకు తగలకుండా రెండు వేళ్ళతో పట్టుకున్న ఒక పెద్దావిడ గుర్తొస్తారు. ఇవాళ ఆ జాజు నూరేది నా కోసమే. నిన్న పొద్దున ఎడమ పక్కటెముకల కింద ఎవరో అగ్గిపుల్ల అంటించి ఆర్పినట్టు చిన్న మంట మొదలైంది. ఇవాళ లేచి చూసుకుంటే నీటిపొక్కులు గుత్తిగా లేచి ఉన్నాయి. మా వంటమనిషి అనంతమ్మ ఒక్కసారి వంగి చూసి, "సర్పి మేడం ఇది. తల, తోక కలవకముందే సింహం గీయించాలె. కుమ్మరాయనకు ఫోన్ కొట్టిన, వస్తుండు" అని, నేను ఔననేలోపే నూరడం మొదలుపెట్టింది.

సర్పి అంటే తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. నడుముకో వీపుకో ఒక పక్కనే పట్టీలాగా పాకే పొక్కులు అవి. అది పాము అనీ, ఒంటి చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కడనీ, కుమ్మరి చేత జాజుతో సింహం బొమ్మ గీయిస్తే దాన్ని చూసి పాము ఆగిపోతుందనీ మా తాండూరు వైపు నమ్మకం. సరిహద్దు దాటి కన్నడం మాట్లాడే ఊళ్ళకు పోయినా ఇదే మాట వినిపిస్తుంది. నువ్వు నమ్ముతావా అంటే ఏం చెప్పను? ఆవిడ నూరుతోంది, నేను చూస్తూ కూర్చున్నాను. వద్దని వాదించే ఓపిక లేదు. ఆడపిల్లల హాస్టల్‌కు వార్డెన్‌గా పనిచేసి చేసి రిటైర్మెంట్ గుమ్మంలోకి వచ్చేసరికి నాకు మిగిలింది మోకాళ్ళ నొప్పులూ, వానాకాలంలో పట్టుకుని చలికాలం దాకా వదలని దగ్గూ. అయితే ఆ కుమ్మరాయన వచ్చేలోపు నేను చేయవలసిన పని ఒకటుంది. అది చెప్పి పోయినవారు రూతమ్మ మేడం.

నేను దౌల్తాబాద్ దగ్గర గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టాను. ఆరో తరగతికి మా నాయన నన్ను తెచ్చి తాండూరు హాస్టల్లో వదిలాడు. అప్పటి వార్డెన్ రూతమ్మ మేడం. ధారూర్ పక్క పల్లెలో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి. రైల్వేలో పనిచేసే భర్త పెళ్ళయిన కొన్నేళ్ళకే పోయారు, పిల్లలు లేరు. పొడుగ్గా, నిటారుగా ఉండేవారు. ఆవిడ చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, మా పుస్తకాలు వాటంతట అవే తెరుచుకునేవి. చెయ్యెత్తగా నేనెప్పుడూ చూడలేదు. జ్వరమనో జలుబనో ఆవిడ పడుకోగా కూడా చూడలేదు. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు దగ్గుతుంటే, ఆ దగ్గుల మధ్యలో తిరుగుతూ కందిపప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకునేవారు.

ఎవరైనా పొద్దున్నే వచ్చి ఒంట్లో బాగాలేదంటే మేడం నాడి చూడరు, నుదురు ముట్టరు. "తల్లె తే" అనేవారు. మా వైపు పళ్ళేన్ని తల్లె అంటాం. అందులో వేడన్నం, దాని మీద చిక్కటి కందిపప్పు. తాండూరు కందిపప్పు ఉడికేటప్పుడు వచ్చే కమ్మదనం ఎరిగినవాళ్ళకు ఆ పరీక్ష ఎంత కఠినమో వేరే చెప్పనక్కర్లేదు. ఆ పళ్ళెం ముందు పిల్లను కూర్చోబెట్టి తాను ఎదురుగా కూర్చునేవారు. తింటే బడికి, తినకపోతే ఆసుపత్రికి. అంతే. దొంగ కడుపునొప్పులు మొదటి ముద్దకే దొరికిపోయేవి. ఊళ్ళో డాక్టర్ల కంటే మా మేడం పళ్ళెమే నయమని టీచర్లు కూడా మెచ్చుకునేవాళ్ళు.

నేను చేరిన ఏడే బావి గట్టు మీద జారి పడ్డాను. కాలు మడతపడింది. పైకి వాపేమీ కనిపించలేదు గానీ లోపల ఒకటే సలుపు. వెళ్ళి చెప్పాను. పళ్ళెం వచ్చింది. ఇంటి దగ్గర జొన్నరొట్టె, కారం తిని పెరిగినదాన్ని. తెల్లన్నం మాకు పండగకే. కాలు ఎంత సలుపుతున్నా చెయ్యి ఆగలేదు.

"మంచిగనే తింటివి గద. ఇగ నడువు బడికి" అన్నారు మేడం.

"కాలు నొస్తుంది మేడం."

"నొప్పిని చెప్పుకుంటే పెరుగుతది బీరమ్మా. మింగితే అరుగుతది. నడువు."

కుంటుకుంటూ పోయాను. కొన్నాళ్ళకు నొప్పి తగ్గింది కూడా, దాంతో మేడం మాటే నిజమనుకున్నాను. ఆ మాట నాతోపాటు చాలా దూరం వచ్చింది. కాన్పులప్పుడూ, దూరపు ఊళ్ళకు బదిలీ అయినప్పుడూ, పై అధికారుల మాటలు పడ్డప్పుడూ మింగడమే చేశాను. ఎవరు పలకరించినా "ఏం లేదు, మంచిగున్న" అనడం నా నోటికి ఊపిరంత అలవాటైపోయింది.

ఏడో తరగతిలో ఉండగా హాస్టల్లో నాతోపాటు చాలామంది పిల్లలకు అమ్మవారు పోసింది. చికెన్‌పాక్స్ అనే మాట అప్పటికి మాకు తెలియదు. కబురు అందినవాళ్ళు వచ్చి పిల్లల్ని ఇళ్ళకు తీసుకుపోయారు. మావాళ్ళు మందతో మేత కోసం కర్ణాటక వైపు పోయి ఉన్నారు. ఏ ఊరి చేలల్లో దిగారో ఎవరికీ తెలియదు. మేడం నన్ను దుప్పట్లో చుట్టి తన గదిలోకి తెచ్చారు. తన మంచం నాకిచ్చి, కింద బండల మీద చాప పరుచుకున్నారు. అప్పటి వంటామె గుమ్మం బయటే నిలబడిపోయి, "మేడం, మీకు గూడ అంటుకుంటది" అంది భయంగా.

"నాకు చిన్నప్పుడే పోసింది. ఒక్కపారి వచ్చి పోయినంక మళ్ళ అదే ఇంటికి రాదు. ఫికర్ చేయకు" అన్నారు మేడం.

వంటామె గుమ్మానికి వేపకొమ్మ కడితే మేడం వద్దనలేదు. మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసేదీ ఆవిడే, వేపమండతో నాకు విసిరేదీ ఆవిడే. గోకితే మచ్చలు పడతాయని తన పాత చీర చింపి నా రెండు చేతులకూ చుట్టారు. ఆ రోజుల్లో నా ముందు పళ్ళెం పెట్టలేదు. పెరుగన్నం తన చేత్తో కలిపి ముద్దలు నోట్లో పెట్టారు. ఇంటినిండా పిల్లలూ, దొడ్డినిండా గొర్రెలూ ఉన్న మా అమ్మకు నన్ను అలా చూసుకునే తీరిక ఎన్నడూ దొరకలేదు. పొక్కులు ఎండాక వేపాకూ పసుపూ వేసిన నీళ్ళతో తలకు పోశారు. వంటామె పెరుగన్నం, బెల్లం తీసుకుపోయి పొలిమేరలో పెట్టి అమ్మవారిని సాగనంపి వచ్చింది.

"పోయిందా మేడం?" అని అడిగాను.

"పోయింది బిడ్డ. ఇంక రాదు."

ఇద్దరం అదే నమ్మాం. నమ్మకూడదని తెలియడానికి ఒక జీవితకాలం పట్టింది.

నేను చదువు ముగించి, తిరిగి తిరిగి వార్డెన్ ఉద్యోగంలోనే చేరాను. అప్పటికి మేడం రిటైరై వికారాబాద్‌లో స్టేషన్‌కు దగ్గరలో ఒక చిన్న ఇల్లు కట్టుకుని ఒక్కరే ఉంటున్నారు. ఆశీర్వాదం కోసం వెళితే ఆవిడ ఇచ్చిన సలహా ఒక్కటే, "తల్లె మరువకు" అని. మరవలేదు. వీలైన ఆదివారమల్లా తాండూరులో రైలెక్కి, ధారూర్ దాటి, వికారాబాద్‌లో దిగి ఆవిడ దగ్గరికి పోయేదాన్ని. పోయేటప్పుడు కందిపప్పు తీసుకుపోవాలి, లేకపోతే గుమ్మంలోనే ఆపి "చేతులు ఊపుకుంట వచ్చినవా?" అని ఆటపట్టించేవారు.

డెబ్బై దాటినా మనిషి నిటారుతనం తగ్గలేదు, గొంతూ తగ్గలేదు. తగ్గనివి ఇంకా కొన్ని మొదలయ్యాయి. కత్తిపీట తగిలి వేలు తెగితే నెల గడిచినా మానేది కాదు. జలుబు పోతే దగ్గు, దగ్గు పోతే నీరసం, నీరసం పోయేలోపు మళ్ళీ జలుబు.

"ఇంతకుముందు దగ్గు చుట్టమోలె వస్తుండె, రెండు దినాలుండి పోతుండె. ఇప్పుడు కిరాయికి దిగుతున్నది. ఖాళీ చెయ్యమంటే చేస్తలేదు" అని తనమీద తనే నవ్వుకునేవారు. డాక్టర్‌కు చూపించుకోండి అంటే, "అన్నం తినబుద్ధి అయితుంది గద, ఇంకేముంది?" అనేవారు. వాదన అక్కడితో అయిపోయేది.

ఒక ఆదివారం వెళ్ళేసరికి కుర్చీ అంచున, నేను మొదట చెప్పినట్టు, రవిక పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఏమైందంటే, "ముందు తలుపు దగ్గరికెయ్యి" అన్నారు. వేశాక వెనక్కి తిరిగి కొంగు తీసి, రవిక పైకెత్తారు. వీపు మీద నుంచి చంక కిందుగా ముందుకు పాకిన పొక్కుల పట్టీ, దాని మీద జాజుతో గీసిన సింహం. గీసినాయన చెయ్యి తిరిగినవాడు కాదేమో, అది మీసాల పిల్లిలాగా ఉంది. నాకు నవ్వాగలేదు. మేడంకూ ఆగలేదు. నవ్వితే నొప్పి, ఆ నొప్పికి మూలుగు, మళ్ళీ నవ్వు.

"పాస్టరయ్యకు చెప్పకు. చర్చికి ఎందుకు రాలేదంటే జ్వరమని చెప్పిన. వీపు మీద సింహాన్ని ఏసుకొని ప్రార్థనకు ఎట్ల పోవాలె?"

"డాక్టర్‌కు చూపించిండ్రా మేడం?"

"మూడుసార్లు గీయాలె అన్నడు, దినం తప్పి దినం. గప్పటిదాంక నీళ్ళు తాకొద్దు, వేరే మందు వద్దు అన్నడు. అయినా నాకేమైందే? రెండు పూటల తల్లె ఖాళీ చేస్తున్న. తినేటోళ్ళకు రోగమేంది?"

తన పరీక్ష తనకే పెట్టుకుని, ఎదురుగా తానే కూర్చుని, తానే పాసయ్యారు. బతిమాలి, కోప్పడి, మరునాడు పొద్దున క్లినిక్‌కు తీసుకుపోయేసరికి పొక్కులు లేచి వారం దాటింది.

అక్కడి డాక్టరమ్మ పడుచుపిల్ల. తడిగుడ్డతో సింహాన్ని మెల్లగా తుడుస్తూ ఎన్నాళ్ళైందని అడిగింది. చెప్పగానే ఆమె చెయ్యి కాసేపు ఆగింది. "మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చుంటే మాత్రలు బాగా పనిచేసేవమ్మా. ఇప్పుడూ ఇస్తాను. నొప్పి మాత్రం చాలాకాలం ఉండొచ్చు" అంది. తర్వాత, చిన్నప్పుడు అమ్మవారు పోసిందా అని అడిగింది.

"పోసింది, పోయింది" అన్నారు మేడం.

"పోలేదమ్మా. పొక్కులు పోతాయి గానీ ఆ వైరస్ వెన్నుపూస పక్కన నరాల మొదట్లో పడుకునే ఉంటుంది. ఒంట్లో కాపలా గట్టిగా ఉన్నన్నాళ్ళు లేవదు. మనతోపాటు కాపలాకూ వయసైపోతుంది. పాత దొంగ మొహం మరిచిపోతుంది. అప్పుడు ఇది లేస్తుంది. ఈవిడ చెప్పారే, మీ దగ్గు వదలకపోవడం, గాయాలు తొందరగా మానకపోవడం, అన్నిట్లో ఈ వయసు చెయ్యి ఉంది."

నాకు పోసినప్పుడు ఈవిడే చూసుకున్నారనీ, నా నుంచి అంటిందేమో చెప్పమనీ అడిగాను. డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "కాదు, ఇది ఆవిడ సొంతం. నిజానికి పిల్లల మధ్య ఉంటే ఆ జబ్బు అప్పుడప్పుడూ ఎదురుపడి, కాపలాకు దొంగను గుర్తుచేస్తుందని కొందరంటారు. ఖచ్చితంగా చెప్పలేం."

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డప్పుడు మేడం, "పిల్లలున్నన్ని దినాలు యాది చేసిండ్రు. హాస్టల్ ఇడిసినంక యాది చేసేటోళ్ళు లేకపాయె" అన్నారు.

పొక్కులు మాడిపోయాయి, చర్మం మానింది, లేత మచ్చలు మిగిలాయి. నొప్పి మాత్రం పోలేదు. నెలలు గడిచాయి. చీర అంచు తగిలితే మంట, ఫ్యాన్ గాలికి మంట, ఒక్కోసారి ఏమీ తగలకపోయినా మంట. ధారూర్ నుంచి మేనల్లుడి భార్య వచ్చి వండిపెట్టి పోయేది. మంచి పిల్లే. "అంత మానింది గద అత్తమ్మా, ఇంక మనసుల పెట్టుకోకు" అనేది. చర్చివాళ్ళు వచ్చి తగ్గినందుకు దేవునికి స్తోత్రం చెప్పి పోయేవాళ్ళు. మేడం అందరికీ తలూపేవారు. లోకానికి పుండు కనిపిస్తే జాలి కలుగుతుంది, పుండు మానాక మిగిలిన నొప్పికి ఎవరూ పూచీ పడరు.

ఏటా ధారూర్‌లో జరిగే క్రైస్తవుల జాతరకు పోయి, చెట్ల మధ్య డేరాలో రోజుల తరబడి ఉండి రావడం ఆవిడకు చిన్ననాటి నుంచీ అలవాటు. ఆ ఏడు కూడా మేనల్లుడు డేరా వేశాడు. ఎవరిదో పసిపిల్ల పరుగెత్తుకొచ్చి వెనక నుంచి వాటేసుకుంటే మేడం కేక పెట్టారట. పిల్ల జడుసుకుని ఏడ్చిందట. మరునాడే తిరిగొచ్చేశారు. ఆ సంగతి నాకు చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. అన్నేళ్ళలో ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత నేను వెళ్ళినప్పుడు మధ్యాహ్నం అన్నం పెట్టుకుని కూర్చుని ఉన్నారు. నన్ను ఎదురుగా కూర్చోమన్నారు, హాస్టల్లో తాను కూర్చునే చోట. "చూడు" అన్నారు. కందిపప్పు కలుపుకుని, తొందరపడకుండా, మెతుకు మిగలకుండా తిన్నారు. పళ్ళెం నా వైపు వంచి చూపించారు.

"తిన్న గద?"

"తిన్నరు మేడం."

"అంత తిన్న. అయినా నొస్తున్నది. నమ్ముతవా?"

"నమ్ముత మేడం."

నా మొహంలోకి చూశారు. "బీరమ్మా, అప్పుడు బాయి కాడ పడ్డవు గద. నీ కాలు నిజంగనే నొచ్చిందా?"

నేనే మరిచిపోయిన కాలు అది. ఎప్పటి ముచ్చటో, ఏం లేదు మేడం అనబోయాను, అలవాటు కదా. ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"నొచ్చింది మేడం. మస్తు నొచ్చింది."

"మరి తింటివి గద?"

"ఆకలైంది మేడం."

మేడం ఖాళీ పళ్ళేన్ని పక్కకు నెట్టారు. "ఆకలి ఆకలే, నొప్పి నొప్పే. గింత ముచ్చట నాకు తెల్వకపాయె. ఎంతమందిని నడువుమంటినో. మింగితే అరుగుతదంటుంటి. అరగలే బిడ్డ. లోపల్నే కూసున్నది" అన్నారు. చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయారు. నేనే లేచి చెంబుతో నీళ్ళు పోశాను. తడిచేత్తో నా మణికట్టు పట్టుకుని అప్పుడు చెప్పారు.

"ఆ తల్లె తీసెయ్యి. నొస్తుందన్న పిల్లను ఎక్కడ అని అడుగు, అంతే. ఇంకోటి ఇను. ఇది నీ ఒంట్ల గూడ పండుకొని ఉన్నది. నీకు పోసినప్పుడు నా గదిలనే ఉంటివి. ఎన్నడన్న లేస్తే, లేచినప్పుడే డాక్టర్ కాడికి ఉరుకు. సింహాన్ని తర్వాత గీయించుకో, నేనేం వద్దంటలేను. పోయి, నొస్తున్నదని నోరిడిచి చెప్పు. మంచిగున్న అనకు."

హాస్టల్లో ఆ పళ్ళేన్ని తీసేశాను. కొన్నాళ్ళు దొంగ కడుపునొప్పులు పెరిగాయి. పెరగనీ అనుకున్నాను. బడి ఎగ్గొట్టిన పిల్ల ఒక పూటలో పట్టుబడుతుంది, నమ్మని నొప్పి ఎంతకాలం ఉంటుందో నేను కళ్ళారా చూశాను.

మేడం మరో చలికాలంలో పోయారు. జ్వరం రాలేదు, దగ్గు కూడా పెద్దగా లేదు. ముభావంగా, మాట తడబడుతూ ఉన్నారట. నుదురు ముట్టి చూస్తే చల్లగానే ఉందని మేనల్లుడి భార్య ధైర్యంగా ఉంది, పాపం. ఆసుపత్రికి చేర్చాక ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. జ్వరమంటే ఒళ్ళు చేసే కొట్లాటనీ, కొందరు ముసలివాళ్ళ ఒంట్లో ఆ కొట్లాటకు సత్తువ మిగలదనీ, అందుకే పైకేమీ తెలియదనీ ఆ డాక్టరమ్మే తర్వాత నాకు చెప్పింది. చివరిరోజు అన్నం తిన్నారా అని నేను ఎవరినీ అడగలేదు. ఆవిడ లేరని ఇప్పటికీ నాకు పూర్తిగా పట్టదు. రైలు వికారాబాద్‌లో ఆగితే దిగబోతాను.

అనంతమ్మ జాజు గిన్నెతో వచ్చింది. "కూసో మేడం, కుమ్మరాయన వచ్చే యాళ్ళైంది."

"వస్తే చాయ్ పోసి కూసోబెట్టు. నేను దవఖానకు పోయొస్త" అని చెప్పులేసుకున్నాను. ఆటో గుంతల్లో ఎగిరినప్పుడల్లా చీర తగిలి మంట లేస్తోంది. తాండూరు రోడ్ల సంగతి తెలిసిందే, నాపబండల లారీలు తిరిగి తిరిగి వాటికీ నరాలు తేలాయి.

క్లినిక్‌లో కుర్రడాక్టరు పొక్కులు చూసి, తొందరగా వచ్చి మంచిపని చేశారన్నాడు. మాత్రల పేరు రాస్తూ, తలెత్తకుండానే, "అన్నం తింటున్నారా అమ్మా?" అని అడిగాడు.

"తింటున్న."

"అయితే నొప్పి పెద్దగా లేనట్టే."

ఏం లేదు బాబూ, మంచిగున్న అనే మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. ఎన్నేళ్ళ మాట అది, దానికి దారి నేర్పనక్కర్లేదు. దాన్ని ఈసారి నేను మింగాను.

"తింటున్న, నిజమే. తిన్నా నొస్తున్నది బాబూ. మస్తు నొస్తున్నది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

కుర్రాడు రాయడం ఆపి తలెత్తి చూశాడు. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎక్కడమ్మా?" అని అడిగాడు.

చెయ్యి పెట్టి చూపించాను.